గర్భం ఉండవలసిన చోట లేనప్పుడు

"అయ్యగారూ, గుండె కొట్టుకుంటోందంట. మరి తీయించేస్తే అది హత్య కాదా?"

కొన్ని నెలల క్రితం ఒక శుక్రవారం రాత్రి మాకు వచ్చిన ఫోను ఇది. అడిగినామె గోపన్‌పల్లిలో కొడుకూ కోడలి దగ్గర ఉండడానికి ఊరినుంచి వచ్చిన తల్లి. పిల్లలిద్దరూ ఐ.టి. ఉద్యోగులు, మా సంఘ సభ్యులు. మొదటి బిడ్డ సిజేరియన్‌తో పుట్టాడు. ఇప్పుడు రెండో గర్భం, ఏడో వారం. ఆ సాయంత్రం స్కానులో, పిండం గర్భసంచి లోపల పైభాగంలో కాకుండా పాత ఆపరేషను మచ్చలో అతుక్కుని ఉందని తేలింది. రేపు పొద్దున్నే వచ్చి చేరండని డాక్టరు చెప్పారు. ఇంట్లో మాత్రం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుందామా, దేవుడు బిడ్డను సరైన చోటికి జరపలేడా అన్న మాట నడుస్తోంది.

ఆ కుటుంబం అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాము.

తల్లి గర్భంలో బిడ్డను రూపించేది దేవుడే అని 139వ కీర్తన మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. సెమినరీలో క్రైస్తవ నీతిశాస్త్రం పరీక్షలో గర్భస్రావం మీద పేజీలు నింపాము. కానీ సిజేరియన్ మచ్చలో గర్భం అనే మాట ఆ రాత్రి వరకు మేము వినలేదు. "ప్రార్థన చేద్దామమ్మా" అని ఫోను పెట్టేయడం చాలా తేలిక. నిజం చెప్పాలంటే నోటిదాకా వచ్చింది కూడా. అలా అనకుండా, మా సంఘంలోనే ఉన్న ఒక ప్రసూతి వైద్యురాలికి ఫోను చేశాము. నలభై నిమిషాల తర్వాత ఆ తల్లికి తిరిగి ఫోను చేసి ఒక్కటే చెప్పాము: "ఉపవాసం మేము ఉంటామమ్మా. అమ్మాయికి మాత్రం డాక్టరు చెప్పినట్టు చేయండి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

ఆ నలభై నిమిషాల్లో విన్నదీ, ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదీ ఈ వారం సంపాదకీయంలో పెడుతున్నాము. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటితో ఆగేది కాదు. మన రాష్ట్రాల్లో కాన్పులు జరుగుతున్న తీరు చూస్తే ముందు ముందు చాలామంది కాపరులకు ఇలాంటి ఫోను వస్తుంది.

ముందు విషయం ఏమిటో తెలుసుకుందాం. గర్భం గర్భసంచి లోపలి పొరలో నిలవాలి. అక్కడ కాక వేరే చోట నిలిస్తే దాన్ని ఎక్టోపిక్ అంటారు. నూరు గర్భాల్లో ఒకటి రెండు ఇలా అవుతాయి. వాటిలో తొంభై శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే నిలుస్తాయి. మన ఆడవాళ్లు "ట్యూబులో గర్భం" అనేది దీన్నే. మిగిలిన కొద్ది శాతం అరుదైన చోట్లవి: ట్యూబు గర్భసంచి గోడలోకి దూరే మూల, అండాశయం, గర్భసంచి ముఖద్వారం, కడుపులో పేగుల మధ్య, పాత సిజేరియన్ మచ్చ. ఇవి కాక ఇంకొకటుంది. ఒక పిండం గర్భసంచిలో సరిగ్గా ఉంటుంది, అదే సమయంలో మరొకటి ట్యూబులో ఉంటుంది. దీన్ని హెటరోటోపిక్ అంటారు. సహజంగా నిలిచిన గర్భాల్లో ఇది ముప్పై వేలకు ఒకటి అని పాత లెక్క. ఐ.వి.ఎఫ్. వంటి సంతాన చికిత్సల తర్వాత ఎన్నో రెట్లు ఎక్కువ.

అరుదైనవి ఎందుకు ఎక్కువ ప్రమాదం? ట్యూబు సన్నగా ఉంటుంది, ఆరేడు వారాలకే నొప్పి పెట్టి హెచ్చరిస్తుంది. గర్భసంచి మూలలో నిలిచింది అలా కాదు. అక్కడ కండ మందంగా ఉంటుంది కాబట్టి ఇంకొన్ని వారాలు సాగుతుంది, రక్తనాళాలు కూడా అక్కడ పెద్దవి. పగిలితే నిమిషాల మీద నెత్తురు పోతుంది. మచ్చలో నిలిచినదైతే మరీ మోసకారి. చాలామందికి నొప్పే ఉండదు, కొంచెం మరక కనబడుతుంది, అంతే. స్కాను చేసినవారికి అనుభవం లేకపోతే "గర్భసంచిలోనే, కాస్త కిందికి ఉంది" అని రాసేస్తారు. లేదా గర్భస్రావమై జారిపోతున్నదని అనుకుని మామూలుగా శుభ్రం చేయబోతారు. మచ్చ దగ్గర కండ పలచగా ఉంటుంది, కొన్నిసార్లు మూత్రాశయానికీ పిండానికీ మధ్య మిగిలేది కొన్ని మిల్లీమీటర్లే. అక్కడ గుడ్డిగా గీకితే ఆగని రక్తస్రావం అవుతుంది. గర్భసంచి మొత్తం తీసేయవలసి రావచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఈ మచ్చ గర్భాన్ని వైద్య పత్రికలో మొదట నమోదు చేసింది 1978లో. అంటే మా తరం పుట్టేనాటికి దీనికి వైద్య పుస్తకాల్లో చోటే లేదు. ఇప్పుడు సుమారు రెండు వేల గర్భాలకు ఒకటి అంటున్నారు. సిజేరియన్ అయిన తల్లులను మాత్రమే తీసుకుంటే ఇంకా ఎక్కువ. జబ్బు కొత్తగా పుట్టలేదు, సిజేరియన్లు పెరిగాయి. ఇక్కడే మన రాష్ట్రం సంగతి వస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశంలోకెల్లా ఇదే ఎక్కువ. దేశం సగటు 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5 శాతం. సిజేరియన్లు పది శాతం దాటాక, ఆ పైన ఎన్ని చేసినా జనం మొత్తంలో తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

సిజేరియన్ చేయించుకున్న ఏ తల్లినీ మేము తప్పుపట్టడం లేదు. సమయానికి చేసిన ఆపరేషను ఎందరో తల్లులను బతికించింది. 2018–20 లెక్కల ప్రకారం దేశంలో లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతుంటే తెలంగాణలో 43 మంది. కేరళ, మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే. అది చిన్న విషయం కాదు. కానీ అవసరం లేని కోతలు కూడా ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. ముహూర్తం చూసుకుని ఆపరేషను చేయించుకోవద్దని గతంలో ఆరోగ్య మంత్రిగా ఉన్న టి. హరీశ్‌రావు బహిరంగంగానే కోరారు. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టిందీ సహజ కాన్పులు పెంచడానికే.

ముహూర్తం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మనం ముహూర్తాలు చూడం అని కాస్త గర్వంగా చెప్పుకుంటాం. డిసెంబరు 25న బిడ్డ పుట్టేలా తేదీ అడిగి తీసుకున్న విశ్వాసులు మాకు తెలుసు. "ఏ రోజు మంచిదో ప్రార్థించి చెప్పండయ్యా" అని మమ్మల్ని అడిగినవారూ ఉన్నారు. పంచాంగం ఉన్న చోట పాస్టరుగారిని పెట్టారు, అంతే తేడా. అలా అడిగినప్పుడు కొన్నిసార్లు నవ్వి ఊరుకున్నాము. ఊరుకోకుండా ఉండవలసింది.

గోపన్‌పల్లి లాంటి చోట ఈ విషయానికి రెండు ముఖాలున్నాయి. ఇరవై ఏళ్ల క్రితం పొలాలూ రాళ్లూ ఉన్న ఊరు. పక్కన సెంట్రల్ యూనివర్సిటీ, ఊళ్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్, అటు నల్లగండ్ల, ఇటు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఆదివారం మన కూటానికి వచ్చే చెల్లెళ్లలో సగం మంది ముప్పై దాటాక మొదటి బిడ్డను కన్నవాళ్లు, వారిలో ఎక్కువమందిది సిజేరియనే. కొందరు ఏళ్ల తరబడి సంతాన కేంద్రాల చుట్టూ తిరిగి, అప్పుచేసి ఐ.వి.ఎఫ్. చేయించుకున్నవాళ్లు. ఈ రెండోవారు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. స్కానులో గర్భసంచిలో బిడ్డ కనబడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఇంట్లో స్తుతి కూటం కూడా పెట్టేస్తారు. ఆ తర్వాత కడుపులో ఒకవైపు నొప్పి వస్తే "గర్భం అన్నాక నొప్పులుండవా" అనుకుంటారు. రెండు పిండాలు పెట్టించుకున్నామని డాక్టరుకు గుర్తుచేసి, ట్యూబుల వైపు కూడా చూడమని అడగాలి. సమయానికి కనిపెడితే లాప్రోస్కోపీతో ట్యూబులోని పిండాన్ని తీసి, గర్భసంచిలోని బిడ్డను కాపాడుకోవచ్చు. అలా నెలలు నిండి పుట్టిన పిల్లలు ఉన్నారు.

రెండో ముఖం ఆ అపార్ట్‌మెంట్లలో పనిచేసే అక్కలది, కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కుటుంబాలది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే ఇద్దరు పిల్లలు పుట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషను అయిపోయినవాళ్లు వీరిలో చాలామంది. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైగా వివాహితులు ఈ ఆపరేషను చేయించుకున్నవారే. ఆ ఆపరేషను తర్వాత గర్భం రావడం చాలా అరుదు. కానీ వస్తే, మూడింట ఒకటి దాకా ట్యూబులోనే ఉంటుంది. నెల తప్పితే "ఆపరేషన్ అయింది కదా, వేడి చేసిందేమో" అనుకుంటారు. కడుపు నొప్పికి మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుంటారు. పనికి వెళ్లకపోతే జీతం కోస్తారు కాబట్టి వెళ్తారు. బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి పడిపోయాక ఆటో ఎక్కిస్తారు. అప్పటికి కడుపులో లీటరు పైన నెత్తురు చేరి ఉంటుంది. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, పాతిక ముప్పై రూపాయల మూత్ర పరీక్ష కిట్టు చాలు. నెల తప్పిన ప్రతి స్త్రీ, ఆపరేషను అయినా సరే, పరీక్ష చేసుకోవాలి. మన ఇళ్లలో పనిచేసే అక్కకు ఈ మాట చెప్పడం మన స్త్రీల సమాజం చేయగలిగిన పని.

ఇక గుర్తుపట్టడం ఎలా? పరీక్షలో గర్భం అని తేలగానే, ఆరు ఏడు వారాల మధ్య మొదటి స్కాను చేయించుకోవాలి. కడుపు మీద నుంచి చేసే స్కాను ఇంత తొందరగా సరిపోదు, లోపలి నుంచి చేసే స్కాను కావాలి. సిగ్గుపడి వద్దనే చెల్లెళ్లున్నారు. అత్తగారు వద్దన్న సందర్భాలూ విన్నాము. ఏడో వారంలో ఆడా మగా తెలియదు కాబట్టి ఆ భయం అక్కరలేదు. సిజేరియన్ అయినవారు "మచ్చ దగ్గర ఎలా ఉందో చూడండి" అని నోరు తెరిచి అడగాలి. అనుభవమున్నవారు చూసేది ఇది: గర్భసంచి లోపల ఖాళీ, ముఖద్వారం ఖాళీ, సంచి మాత్రం ముందువైపు మచ్చ ఉన్న చోట ఒదిగి, దాని చుట్టూ రక్తప్రసరణ బలంగా ఉండడం. స్కానులో ఎక్కడా కనబడకపోతే రక్తంలో బీటా హెచ్.సి.జి. పరీక్ష చేసి, 48 గంటలకు మళ్లీ చేస్తారు. ఆ సంఖ్య పెరిగే తీరును బట్టి అంచనా వేస్తారు. ఆ రెండు రోజులు ఎంత భారంగా గడుస్తాయో ఎదురుచూసినవారికే తెలుసు. ఆ రెండు రోజుల్లో ఊరికి ప్రయాణం పెట్టుకోకూడదు. ఆసుపత్రికి అరగంట దూరంలో ఉండాలి. నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, భుజం చివర నొప్పి వచ్చినా 108కి ఫోను చేయాలి. భుజానికీ గర్భానికీ ఏం సంబంధం అనుకోవద్దు. కడుపులో చేరిన నెత్తురు ఉదరవితానాన్ని తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

చికిత్స ఎక్కడ నిలిచింది, ఎన్ని వారాలు, తల్లి పరిస్థితి ఏమిటి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్యూబులో చిన్నగా ఉండి పగలకపోతే మెథోట్రెక్సేట్ ఇంజెక్షను ఇస్తారు. పెరుగుదల ఆగి శరీరం తనలోకి తీసుకుంటుంది. హెచ్.సి.జి. సున్నాకు వచ్చేదాకా వారం వారం రక్తపరీక్ష తప్పదు, ఆ తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. పగిలితే, పగిలేలా ఉంటే ఆపరేషనే. మచ్చ గర్భానికి చేతికి లేదా తుంటికి వేసే ఇంజెక్షను ఒక్కటే చాలదని అమెరికాలోని తల్లీ గర్భస్థ శిశు వైద్యుల సొసైటీ 2020లో సూచించింది. స్కాను చూస్తూ పిండపు సంచిలోకే మందు ఇవ్వడం, స్కాను చూస్తూ జాగ్రత్తగా పీల్చి తీయడం, లాప్రోస్కోపీతో ఆ భాగం తీసి మచ్చను మళ్లీ కుట్టడం, ఇవి మార్గాలు. కొన్నిచోట్ల ముందుగా గర్భసంచికి వెళ్లే రక్తనాళాన్ని మూసి రక్తస్రావం తగ్గిస్తారు. కాబట్టి రక్తనిధి, ఆపరేషను థియేటరు, అనుభవమున్న వైద్యులు ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. స్తోమత లేనివారికి గాంధీ, పేట్లబురుజు ఆసుపత్రుల ప్రసూతి విభాగాలు ఉన్నాయి. నెగెటివ్ గ్రూపు రక్తమున్న తల్లులు యాంటీ-డి ఇంజెక్షను సంగతి డాక్టరును అడగడం మరచిపోకూడదు.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్న. అది హత్యా?

ట్యూబులో గర్భం విషయంలో మా జవాబు సూటిగా ఉంది: కాదు. ఆ బిడ్డ బతికే దారి వైద్యంలో లేదు. తల్లిని వదిలేస్తే ఇద్దరూ పోతారు, చికిత్స చేస్తే ఒకరు మిగులుతారు. "తీసి గర్భసంచిలో పెట్టలేరా?" అని అడుగుతారు. అమాయకమైన ప్రశ్నే, కానీ 2019లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఏకంగా ఒక బిల్లులోనే ఆ మాట రాశారు. అలాంటి వైద్యం లేనే లేదని అక్కడి ప్రసూతి వైద్యుల సంస్థ చెప్పవలసి వచ్చింది. టెక్సాస్‌లో గర్భస్రావ నిషేధం వచ్చాక డాక్టర్లు భయపడుతున్నారని, ఎక్టోపిక్ చికిత్స చేసినవారికి రక్షణగా 2023లో ఇంకొక చట్టం చేశారు. డల్లాస్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు మన సంఘాల్లో చాలామందే. అక్కడి చర్చి వీడియోలే ఇక్కడి వాట్సప్ గ్రూపుల్లోకి వస్తాయి, అక్కడి వాదనలే మన వేదికల మీద ప్రసంగాలవుతాయి. అక్కడివారే ఆ చట్టాలను ఎలా సవరించుకోవలసి వచ్చిందో మాత్రం ఎవరూ పంపరు.

కథోలిక నీతిశాస్త్రం దీని మీద మనకంటే చాలా ముందు ఆలోచించింది. 1933లో జెస్యూట్ పండితుడు లింకన్ బౌస్కారెన్ ఒక వాదన చెప్పారు: దెబ్బతిన్న ట్యూబును తీయడం తల్లికి చేసే చికిత్స, బిడ్డ మరణం ముందే తెలిసినా అది కోరుకున్నది కాదు, కాబట్టి తప్పు కాదు. ఆ మార్గాన ఎందరో తల్లులు బతికారు, అందుకు కృతజ్ఞతలు. అయితే అదే లెక్కలో మెథోట్రెక్సేట్ ఇంజెక్షను సరైనదా కాదా అని ఆ పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇంజెక్షనుతో పోయేదానికి, మన మనస్సాక్షి తేలికపడడం కోసం ఆమె ట్యూబును కోయించడం మాకు సమ్మతం కాదు. ఆ ట్యూబుతో ఆమెకు రేపు ఇంకొక బిడ్డ పుట్టవచ్చు.

సిజేరియన్ మచ్చలో గర్భం ఇంత సూటిగా తేలదు. ఇక్కడ మేము నిజాయితీగా ఉండాలి. అలాంటి గర్భాన్ని కొనసాగించి బిడ్డను బతికించుకున్న తల్లులు కొందరు ఉన్నారు. వారిలో చాలామందికి మాయ మచ్చలోకి వేళ్లూని, కాన్పు సమయంలో గర్భసంచినే తీసేయవలసి వచ్చింది. కొందరికి నెలలు నిండకముందే గర్భసంచి పగిలింది. పైన చెప్పిన సొసైటీ సలహా, ఊరికే వేచి చూడవద్దని. కడుపులో పేగుల మధ్య పెరిగి బతికిన బిడ్డల వార్తలు కూడా అప్పుడప్పుడు సాక్ష్యాలుగా తిరుగుతుంటాయి. అవి నిజంగా జరిగినవే కావచ్చు. ఒకరికి దొరికిన అద్భుతాన్ని ఇంకొకరి మీద ఆజ్ఞగా మోపే అధికారం కాపరికి లేదు. ఆ ప్రమాదాన్ని మోయమని ఆమెకు చెప్పే హక్కు అత్తగారికీ లేదు, భర్తకూ లేదు, మాకూ లేదు. మన దేశ చట్టం కూడా అంతే. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం, 2021 సవరణ తర్వాత కూడా, పద్దెనిమిది నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతినే అడుగుతుంది, ఇంకెవరి సంతకమూ అడగదు.

"గుండె కొట్టుకుంటోంది" అన్న మాట విన్నప్పుడు మాకు సవితా హలప్పనవర్ గుర్తొచ్చింది. మన పొరుగు కర్ణాటక అమ్మాయి, దంత వైద్యురాలు, వయసు 31. ఆమెది ఎక్టోపిక్ కాదు. ఐర్లాండులోని గాల్వేలో పదిహేడో వారంలో గర్భస్రావం మొదలైంది. బిడ్డ నిలవదని తేలిపోయినా, గుండె కొట్టుకుంటోందని గర్భాన్ని ముగించలేదు. ఇన్‌ఫెక్షను ఒళ్లంతా పాకి 2012 అక్టోబరు 28న ఆమె చనిపోయింది. ఇది కథోలిక దేశం అని అక్కడి నర్సు ఒకరు అన్నట్టు విచారణలో బయటపడింది. హిందూ కుటుంబం నుంచి వెళ్లిన ఆ అమ్మాయి మన విశ్వాసం గురించి విన్న చివరి మాటల్లో అది ఒకటి. 2018లో ఆ దేశ ప్రజలు ఓటు వేసి ఆ రాజ్యాంగ నిబంధనను తీసేశారు. అంతకుముందే మన సంఘాలు ఆ మరణం గురించి దుఃఖపడవలసింది. మా పత్రికలో అప్పుడు ఒక్క వాక్యం కూడా రాలేదు.

రోగంలో ప్రార్థించవద్దని మేము అనడం లేదు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని ప్రభువు బాగుచేశాడు. ఆమె అంతకుముందు వైద్యుల దగ్గరికి వెళ్లినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. ఈ తెలుగు నేలమీద సువార్త వచ్చిన దారే అది. 1883లో అన్నా సారా కుగ్లర్ గుంటూరు వచ్చినప్పుడు ఆమెను వైద్యురాలిగా పంపడానికి మిషన్ బోర్డు సిద్ధంగా లేదు. స్త్రీల మధ్య పనిచేయడానికని వచ్చి, మందుల పెట్టె తెరిచింది. 1898 నాటికి ఆసుపత్రి లేచింది. మగ డాక్టరుకు చూపించుకోలేక ఇళ్లలోనే చనిపోతున్న తల్లుల కోసం. అదే 1883లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో లాసన్ టైట్ అనే సర్జను, పగిలిన ట్యూబును ఆపరేషను చేసి తీసి ఒక తల్లిని బతికించాడు. మొదట అలా చేసిన ఆమె బతకలేదు, రెండోసారి ఫలించింది. అంతకుముందు అలాంటి తల్లులు దాదాపు అందరూ చనిపోవలసినవారే. కుగ్లర్ పేరు మీద ఉన్న ఆసుపత్రిలో పుట్టినవారు, లేక తమ అమ్మమ్మలు పుట్టినవారు ఈ పేజీ చదివేవారిలో తప్పక ఉంటారు.

దుఃఖం సంగతి కూడా చెప్పాలి. తీసేయించాక ఆ చెల్లెలితో సంఘం మాట్లాడే తీరు బాగుండదు. "ఇంకా బిడ్డ అవలేదులే", "దేవుడు మళ్లీ ఇస్తాడులే", ఇంకొందరైతే "ఎందుకిలా అయిందో పరిశీలించుకోండి" అంటారు. ఈ మూడో మాట అనేవారిని మేము ఇకనుంచి ఆరాధన గుమ్మంలోనే ఆపుతాము. రాహేలు కాన్పులో చనిపోయింది, ఆమె పాపం వల్ల అని ఆదికాండము ఎక్కడా చెప్పలేదు. యాకోబు ఆమె సమాధి మీద ఒక స్తంభం నిలిపాడు. ఏడు వారాల బిడ్డకు సమాధి ఉండదు, పేరు ఉండదు. ఒక ప్రార్థనైనా ఉండాలి కదా. మూడో నెల వరకు ఎవరికీ చెప్పకూడదన్న ఆచారం కూడా ఇక్కడ అడ్డమే. ఎక్టోపిక్ ప్రాణం తీసేది ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే. ఒక్క పెద్దక్కకైనా, ఒక్క స్నేహితురాలికైనా చెప్పుకోవాలి.

శుక్రవారం ఫోను చేసిన ఆ తల్లి, శనివారం తెల్లవారకముందే కోడలితో ఆసుపత్రిలో ఉన్నారు. స్కాను చూస్తూ సంచిలోకి మందు ఇచ్చారు, రెండు రోజుల తర్వాత తీశారు, గర్భసంచి నిలిచింది. ఆ చెల్లెలు నాలుగో ఆదివారం కూటానికి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. బల్ల అయ్యాక మా దగ్గరికి వచ్చి, ఆ బిడ్డ కోసం ఒకసారి ప్రార్థించండయ్యా, ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు అంది. అత్తగారు పక్కనే ఉన్నారు. ముగ్గురం అక్కడే నిలబడి ప్రార్థించాము.

ఈ నెల రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మా స్త్రీల సమాజంలో, పైన చెప్పిన వైద్యురాలు ఈ విషయమే మాట్లాడతారు. సిజేరియన్ అయినవారు, ఐ.వి.ఎఫ్. చేయించుకున్నవారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయినవారు తప్పక రండి. ఇంట్లో పనిచేసే అక్కను కూడా వెంట తీసుకురండి. భర్తలకు వెనక కుర్చీలు వేయిస్తున్నాము.